జ్వరం లేని ఇంట్లో బ్రెడ్డు

మొన్న సాయంకాలం మా మనవరాలు వంటగదిలో నిలబడి ఫలహారానికి బీట్‌రూటు తురుముతోంది. హాల్లో పేపరు చదువుకుంటున్న నాకు ఆ వాసన తగిలింది. పచ్చి బీట్‌రూటు వాసన చాలామందికి గిట్టదు, మట్టి వాసనంటారు. మట్టి వాసనే, నీళ్ళు పెట్టిన మర్నాడు పాదు తవ్వితే వస్తుందే, అలాంటిది. నాకు మాత్రం దాని వెనకాలే వెన్న వాసన, నలిపిన కొత్తిమీర వాసన, రాలిన మామిడి పిందె జీడి వాసన వరసగా వచ్చేస్తాయి. పేపరు పక్కన పడేసి, నూజివీడులో ఎనిమిదో క్లాసులోకి వెళ్ళి కూర్చున్నాను.

మాది మామిడి వ్యాపారం. నాన్న ఆగిరిపల్లి వైపు తోటలు పూత మీదే కౌలుకు తీసుకునేవారు కాబట్టి, మా ఇంట్లో ఏడాది ఉగాదితో కాక పూతతో మొదలయ్యేది. పుష్యమాసంలో మంచు దిగితే పూత మాడిపోతుందని నాన్న తెల్లారకముందే అరుగు మీదకు వెళ్ళి ఆకాశం చూసేవారు, ఎండ పడేదాకా ఆయనతో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. పిందె కట్టాక గాలివాటుకు రాలినవి కండువాలో మూటకట్టి తెచ్చేవారు, వాటిని ఉప్పూ కారం అద్దుకుని పళ్ళు పులిసిపోయేదాకా తినేవాళ్ళం. ఉగాదికి బొబ్బట్ల మీద వేసుకున్న నెయ్యి మోచేతులదాకా కారేది, ఎండలు ముదిరాక అదే దారిన చిన్నరసాల రసం కారేది. ముందుగదిలో వరిగడ్డి పరిచి కాయలు మగ్గబెట్టేవారు, ఆ రెండు నెలలూ మా బట్టలు, పుస్తకాలు, ఆఖరికి తలకు రాసుకునే కొబ్బరినూనె కూడా మామిడిపండు వాసనే వేసేవి. తిన్న టెంకలు కడిగి ఎండబెట్టి వాటికి బొట్టూ కాటుకా పెట్టి బొమ్మలపెళ్ళి చేసేవాళ్ళం.

ఇంత తిండి ఉన్న ఇంట్లో వంటగది మాత్రం మా మామ్మ రాజ్యం. మామ్మ అంటే నాన్న తల్లి. సన్నగా, నిటారుగా, మాట కరుగ్గా ఉండేది. ఆవిడ చట్టాలు నోటితో చెప్పినవే అయినా రాతి మీద చెక్కినట్టుండేవి. నిప్పు తగలని వస్తువు, అంటే పండో కొబ్బరో నానబెట్టిన పెసరపప్పో, ఎవరింటిదైనా తినొచ్చు. నిప్పు మీద ఉడికిందంటే మాత్రం అది మా పొయ్యి మీదదే అయి ఉండాలి. బీట్‌రూటు వంటగది గడప తొక్కకూడదు, కోస్తే నెత్తురులా కారుతుంది కనక. ఇక బేకరీ బ్రెడ్డు తిండి కానే కాదు, మందు. ఆ రోజుల్లో ఊరందరికీ అది మందేలెండి. కాంపౌండరు గారు రాస్తే తెచ్చుకుని, పాలల్లో ముంచి, మంచం మీద పడుకున్నవాళ్ళకు తినిపించేవాళ్ళు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మామ్మే తినిపించింది, తర్వాత బావి దగ్గర తలమీద నుంచి రెండు చేదలు గుమ్మరించుకుంది.

అలాంటి ఇంటి పిల్లకు సుగుణమ్మ టీచరుగారు వంట నేర్పారు. చర్చి వెనకాల రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉండేవారు, గంజి పెట్టిన తెల్ల చీర, జేబురుమాలుతో కట్టుకున్న తాళాల గుత్తి. పెరట్లో ఆవిడ బీట్‌రూట్లు వేశారు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఒక దుంప కోసి చూపించినప్పుడు లోపల చుట్లు చుట్లుగా రంగు కనబడి, మేం నలభైమందిమీ ఒక్కసారే ‘అబ్బ’ అన్నాం. పచ్చిదే సన్నగా తురిమి, ఉప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలిపి, వెన్న రాసిన రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టి, చాకుతో మూల నుంచి మూలకు కోశారు. దాన్ని శాండ్‌విచ్ అంటారని చెప్పి, ఇంతింత ముక్క అందరికీ పెట్టారు. నా జన్మలో అంత రుచి ఎరగను. జ్వరం లేకుండా బ్రెడ్డు తినడం అదే మొదటిసారి, అందువల్ల కూడా కావచ్చు.

స్కూలు వార్షికోత్సవానికి ఫలహారాల బల్ల పెడతామనీ, నలుగురు అమ్మాయిలను తీసుకుంటాననీ చెప్పారు టీచరుగారు. చేరాలనుకున్నవాళ్ళు ఇంట్లో ఈ శాండ్‌విచ్ చేసి, ఆ ఇంట్లో వంటగది ఎవరి చేతిలో ఉందో వాళ్ళచేత తినిపించి, నోటుబుక్కులో సంతకం పెట్టించుకురావాలి. తలా ఒక దుంప కాగితంలో చుట్టి ఇచ్చారు. ఆ బల్ల వెనక నిలబడాలని నాకెంత కోరికంటే, రాత్రికి అన్నం కూడా సరిగ్గా సయించలేదు. అమ్మకు చెబితే, “నేను తింటానే, నేనే సంతకం పెడతాను” అంది. కానీ మా వంటగది అమ్మ చేతిలో లేదన్న సంగతి అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. అబద్ధం సంతకం తీసుకుని సుగుణమ్మ గారి ముఖం చూడడం నా వల్ల కాదు. అప్పట్లో నాకు పట్టుదల ఎక్కువ, ఇప్పుడూ తక్కువేం కాదని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం.

శనివారం మధ్యాహ్నం బస్టాండు దగ్గర బేకరీలో బ్రెడ్డు కొన్నాను. పేపరులో చుట్టి ఇచ్చారు గాని, రెండు కొసలూ బయటికే కనబడుతున్నాయి. నాలుగడుగులు వేశానో లేదో బట్టలకొట్టు ఆయన అరుగు మీద నుంచే అడిగాడు, “ఏంటమ్మా, ఎవరికి జ్వరం?” శాండ్‌విచ్ అంటే ఆ కబురు నాకంటే ముందు మామ్మ చెవిన పడుతుంది. అందుకని “ఎవరికీ లేదండీ” అన్నాను. దాస్తున్నాననుకుని ఆయన తల ఊపాడు. పూలమ్మి అడిగింది, పోస్టుమాను సైకిలు దిగి మరీ అడిగాడు. అందరికీ అదే జవాబు. పిల్ల చెప్పడం లేదంటే జ్వరం గట్టిదే అయ్యుండాలి, అంత గట్టిది ఎవరికొస్తుంది, పెద్దావిడకే వస్తుంది అని బజారు బజారంతా తేల్చేసుకుందని నాకేం తెలుసు?

నేను పెరటి గుమ్మంలోంచి దూరి, బావి చప్టా మీద కూర్చుని తురుముపీట ముందేసుకున్నాను. బీట్‌రూటు రసం మణికట్లు దాటి మోచేతులదాకా పాకింది. నిమ్మకాయలు వంటగదిలో ఉన్నాయి, అక్కడికి ఈ చేతులతో వెళ్ళలేను. నాన్న పొద్దున తెచ్చిన రాలుడు పిందెలు పెరటి వసారాలో ఉంటే రెండు తెచ్చి కడిగి తురిమి కలిపి, వెన్న రాసిన బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టాను. నోట్లో వేసుకుంటే, దుంప తీపి, పిందె పులుపు, పచ్చిమిర్చి ఘాటు. సుగుణమ్మ గారి దానికంటే నాదే బాగుందనిపించి, పాపం చేసినట్టు అటూ ఇటూ చూశాను.

అప్పుడే వీధిగుమ్మంలో గోల. మామ్మకు ఒళ్ళు తెలియని జ్వరమని బజార్లో మా కొట్లో ఉన్న నాన్నకు కబురందిందట. కొట్టు అలాగే వదిలేసి, కాంపౌండరు గారి చెయ్యి పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. వెనకాల బట్టలకొట్టు ఆయన, పూలమ్మి, ఇంకో పదిమంది. మామ్మ వరండాలో కూర్చుని శుభ్రంగా చింతపండు ఈనెలు తీస్తోంది.

“నాకేం రోగంరా! నిక్షేపంలా ఉంటే!” అని లేవబోయింది. ఆ గోలకు నేను పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాను. రెండు చేతులూ మోచేతులదాకా ఎర్రగా, గౌను మీద ఎర్ర మరకలు. మామ్మ నన్ను చూసింది. “రత్నా! ఏమైందే తల్లీ!” అని కేకపెట్టి, అన్ని చట్టాలూ మరిచిపోయి నా చేతులు పట్టుకుని, పైటకొంగుతో తుడుస్తూ గాయం కోసం వెతికింది. గాయం దొరకలేదు. తుడిచినకొద్దీ రంగే వచ్చింది. అప్పుడు గోడకు చేరబడి కూర్చుండిపోయింది. నేను ఏడుస్తూ బ్రెడ్డు, బీట్‌రూటు, సంతకం, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. జనం నవ్వారు. నాన్న నవ్వలేదు, మామ్మ ఏమంటుందోనని చూస్తున్నారు. ఇక బల్లా లేదు, క్లాసూ లేదనుకున్నాను.

కాంపౌండరు గారు మామ్మ పక్కన కూర్చుని నాడి పట్టుకున్నారు. వాళ్ళమ్మాయిదీ మా క్లాసే, ఆ ఇంట్లో ముందురోజే సంతకం అయిపోయింది. ఆయన చాలాసేపు లెక్కపెట్టి, గంభీరంగా ముఖం పెట్టి అన్నారు.

“పెద్దమ్మగారూ, కంగారు పడ్డారుగా, బాగా నీరసం కనబడుతోందండీ. వెంటనే రెండు ముక్కలు బ్రెడ్డు తీసుకోవాలి.”

“బ్రెడ్డా?”

“మందేనండీ. మధ్యలో పెట్టినదంతా పచ్చిదే, నిప్పు తగల్లేదు.”

మామ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది, తన పైటకొంగుకు అంటిన రంగు చూసుకుంది. నేను ఒక ముక్క ఆకులో పెట్టి ఇచ్చాను. కళ్ళు మూసుకుని కొరికింది. గుమ్మంలో వాళ్ళంతా మెడలు చాచి చూశారు. నమిలింది, మింగింది. “ఇందులో పిందె వేసిందెవరు?” అని అడిగింది. నేనేనన్నాను. ఆ ముక్క పూర్తిచేసి, ఆకు ముందుకు తోసింది. “కాంపౌండరు గారు రెండు ముక్కలన్నారు కదుటే” అంది.

సంతకం మాట నేను ఎత్తలేదు, ధైర్యం చాలలేదు. మామ్మకు అక్షరాలు రావు. రెండో ముక్క అయ్యాక ఆవిడే నోటుబుక్కు తెమ్మంది. అమ్మ సిరాబుడ్డి కోసం లోపలికి వెళ్ళింది, అమ్మ వచ్చేలోపల మామ్మ నా ఎర్ర అరచేతిలో బొటనవేలు అద్ది, పేజీ మీద గట్టిగా నొక్కింది. తర్వాత బావి దగ్గరికి వెళ్ళి మామూలుగా రెండు చేదలు గుమ్మరించుకుంది. నాకు మాత్రం ఆ రోజు ఆవిడ మీద పుట్టినంత ప్రేమ అంతకుముందు ఎన్నడూ పుట్టలేదు.

వార్షికోత్సవంలో బల్ల వెనక నేనున్నాను. సుగుణమ్మ గారు పిందె తురుము రుచి చూసి, ఆ ఏడు నిమ్మకాయలు మానేశారు. ఆ తర్వాత చెయ్యి చల్లగా ఉన్నా తల నొచ్చినా మామ్మ తనకు నీరసంగా ఉందనేది, నేను పరుగున బస్టాండు దగ్గరికి వెళ్ళేదాన్ని. బీట్‌రూటు మాత్రం ఆవిడ ఉన్నంతకాలం వంటగది గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ బేకరీ లేదు, నాన్న కౌలుకు తీసుకున్న తోటల్లో సగం ఇళ్ళ స్థలాలయ్యాయి. నోటుబుక్కు నా పెట్టెలోనే ఉంది. బీట్‌రూటు రంగు నిలవదు, ఆ ముద్ర ఎప్పుడో పాలిపోయి టీ మరకలా మిగిలింది, వెలుతురుకు పెడితేనే గీతలు కనబడతాయి. మనవరాలికి చూపిస్తే వేలితో తడిమి, తన ప్లేటులోంచి ఒక శాండ్‌విచ్ ముక్క నాకు పెట్టింది. బాగానే ఉంది గాని, పిందె లేదు.

నిన్న నూజివీడులో పనిబడి వెళ్ళి, కావాలనే ఒక బ్రెడ్డు కొన్నాను. సంచిలో వేసుకోకుండా అందరికీ కనబడేలా చేత్తో పట్టుకుని, పాత బజారు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. ఎవరికమ్మా జ్వరం అని ఒక్కరూ అడగలేదు. అడిగితే, మా మామ్మకండీ అని చెబుదామనుకున్నాను.