దొర పడవకు పెద్ద మోటారు

ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగం దొరకడం కన్నా అది పర్మనెంటు కావడమే పెద్ద గండం. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, రాజధాని మా కర్నూలేనని అందరం ఛాతీ విరుచుకు తిరుగుతున్న కాలమది. నేను నంద్యాలలో కాలువ ఆఫీసు గుమాస్తాను, టెంపరరీ. చాగలమర్రిలో ఉన్న మేనమామ కూతుర్ని నాకిస్తామని చిన్నప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నారు గానీ, తీరా అడగబోతే మామ, "ముందు ఉద్యోగం పర్మనెంటు కానీ అల్లుడా, ఆపొద్దు మాట్లాడుకుందాం" అని తేల్చేశాడు. (ఆ పిల్లంటే నాకు ప్రాణం. నేనంటే ఆ పిల్లకు ఏమిటో అడిగే ధైర్యం నాకు లేదు, అడగనిచ్చే పద్ధతి మా ఇళ్లలో లేదు.) పర్మనెంటు కావాలంటే కర్నూలులో ఉండే మా పెద్దాఫీసరు ఊఁ అనాలి. ఆయనే నంద్యాల వస్తున్నాడని కబురొచ్చింది.

ఆయన రాకకు కారణం పూడిక. కాలువలో మన్ను పేరుకుపోయి తమ చేలకు నీళ్లు రావడం లేదని ఆళ్లగడ్డ వైపు రైతులు మొత్తుకుంటున్నారు. పూడిక లేనే లేదని మా ఆఫీసు ప్రతిసారీ జవాబిస్తోంది (ఆ జవాబును అందమైన అక్షరాలతో రాసేది నేనే). పడవలో పోయి స్వయంగా తేలుస్తానన్నాడు ఆఫీసరు. యుద్ధం అయిపోయాక ఎక్కడినుంచో మా ఆఫీసుకు వచ్చిపడ్డ అల్యూమినియం పడవ ఒకటి ఉండేది, ఒళ్లంతా సొట్టలు. దాని వెనక ఒక చిన్న మోటారు. అది కొట్టుకుంటూ పోతుంటే గట్టు మీద బర్రెలు దాన్ని దాటుకుని వెళ్లిపోయేవి. మా ఓవర్సియరుకు (బుర్రమీసాల వల్ల చాటుగా మీసాలయ్య అనేవాళ్లం) ఇది తీరని తలవంపు. "దొర బర్రెల ఎనకాల పోతే మన మర్యాద ఏం గావాల?" అంటూ మదరాసు నుంచి అంతకు రెండింతల బరువున్న మోటారు తెప్పించాడు.

బిగించే పని ఇంజన్ల సాయబుకు అప్పజెప్పారు. ఆయన అప్పటిదాకా బిగించినవన్నీ బావుల మీది ఆయిలింజన్లే. "ఒకసారి నేను బిగిస్తినంటే కదిలేదే లేదన్నా" అంటూ పడవ వెనక తట్టుకు లావుపాటి టేకు దిమ్మ వేసి, దానికి మోటారును బోల్టులతో బిగించాడు. మోటారు నిజంగానే కదల్లేదు. పడవే వెనక్కి ఒరిగింది. ముందు భాగంలో నాపరాళ్లు పేర్చి చూస్తే సర్దుకుని, నీళ్ల మీద ఝామ్మని దూసుకుపోయింది. ఆపొద్దు బర్రెలు వెనకబడిపోవడం చూసి మీసాలయ్య మీసం దువ్వుకున్నాడు.

ఆ రాళ్లను అలాగే ఉంచి ఉంటే నాకిప్పుడు చెప్పడానికేమీ ఉండేది కాదు. ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే మీసాలయ్య వాటిని చూసి మండిపడ్డాడు. "ఏందప్పా ఇది? దొర ఎక్కే పడవలో రాళ్లా? బేగా తీసేయండి." మరి ముందు బరువెట్లాగని నేను నసిగితే, "నువ్వుండావు గదా, పోయి ముందర కూచో" అన్నాడు. (అప్పట్లో నేను గట్టిగా గాలి వీస్తే గోడ పట్టుకునే మనిషిని.) పోనీ ఆఫీసరునే ముందు కూర్చోబెడదామని సాయబు అన్నాడో లేదో, మీసాలయ్య చెవులు మూసుకున్నాడు. "కారులో దొరలు యాడ కూచుంటారు? ఎనక సీట్లో. ముందర కూచునేది బంట్రోతు. ఆమాత్రం తెలీదా నీకు?"

ఆఫీసరు శరీరం హోదాకు తగ్గట్టే ఉండేది. ఆయన వెనక బల్ల మీద ఆసీనుడయ్యాడు. దొరకు వీపు చూపకూడదు కాబట్టి మీసాలయ్య ఆయన పక్కనే ఒదిగాడు. మోటారు పట్టుకుని సాయబూ అక్కడే. ముందు కొసన నేనొక్కణ్ణే. నేను మాత్రం వీపు చూపుతానా? వాళ్లవైపు ముఖం పెట్టి, చేతులు రెండూ వెనక్కి చాచి పడవ అంచు పట్టుకున్నాను (నాకు ఈత రాదు). సాయబు మోటారును పూర్తి వేగంతో వదిలాడు. వాళ్లు కిందికి దిగిపోతున్నారు, నేను పైకి లేస్తున్నాను. సర్కారు నౌకరీలో అంత తొందరగా ఎవరూ పైకి వచ్చి ఉండరు. మీసాలయ్య కోపంతో ఊగిపోయాడు. "దిగబ్బీ కిందికి! సార్ కంటే ఎత్తులో కూచుంటావా?"

"ఆపవయ్యా!" అని ఆఫీసరు కేక పెట్టాడు. సాయబు టక్కున ఆపేశాడు. పడవ ఆగింది గానీ దాని వెనకే వస్తున్న అల ఆగలేదు. ముగ్గురి వీపులూ తడిపి పడవలోకి వచ్చేసింది. వెనక భాగం మునిగి అడుగున మన్నులో దిగబడింది. ముందు భాగంలో మునగకుండా పెట్టిన గాలి డబ్బా ఉండడంతో నేను మాత్రం ఆకాశంలో వేలాడుతున్నాను. ఆఫీసరు పడవలోంచి బయటికి దిగి నిలబడ్డాడు. నీళ్లు ఛాతీ దాకా, మన్ను మోకాళ్ల దాకా. కాలు లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. మీసాలయ్య ఆ నీళ్లల్లోనే నిటారుగా నిలబడి సెల్యూటు కొట్టాడు. మొర పెట్టుకుందామని వచ్చి గట్టున నిలబడ్డ ఆళ్లగడ్డ రైతుల్లోంచి ఒక పెద్దాయన, "దొరా, పూడిక యాడుందో చూడాలంటిరి గదా. మీరు నిలబడుకోనుండేది దాంట్లోనే" అన్నాడు, ఎంతో వినయంగా.

తాళ్లు వేసి అందరినీ, పడవనూ గట్టుకు లాగారు. ఆఫీసరు నావైపు వేలు చూపి ఎవరని అడిగాడు. "టెంపరరీ గుమాస్తా సార్. ఈపొద్దే తీసేస్తాం" అన్నాడు మీసాలయ్య. చాగలమర్రి నాకు శాశ్వతంగా దూరమైపోయిందనుకున్నాను. "తీసేయడమేమిటయ్యా? ఇంత గందరగోళంలో తన చోటు వదలని వాడు ఇతనొక్కడే. సర్కారుకు ఇలాంటివాళ్లే కావాలి" అన్నాడు ఆఫీసరు. వదలకపోవడమా! పడవ గట్టుకు చేరాక కూడా నా వేళ్లు బిగుసుకుపోయి ఉంటే, సాయబు ఒక్కొక్కటే ఊడదీయాల్సి వచ్చింది.

ఆ ఏడు పూడిక తీశారు. ఆళ్లగడ్డ చేలకు నీళ్లు పోయాయి. నేను పర్మనెంటయ్యాను, మామ పిల్లనిచ్చాడు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు అన్నం తింటూ, నా గుండె నిబ్బరాన్ని ఆఫీసరు ఎంత మెచ్చుకున్నాడో ఆమెకు గొప్పగా చెప్పబోయాను. "సాల్లే. మా బావికాడ ఇంజను బిగించను వచ్చి సాయబు అంతా చెప్పినాడు, నీ ఏళ్లు ఊడదీసింది గూడా. నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. అంతదాకా నిన్ను చేసుకోనని మా నాయనతో కొట్లాడతాంటి. ఆపొద్దే సరే అంటి" అంది.

ఆఫీసరు నాలో లేని ధైర్యాన్ని చూసి ఉద్యోగమిచ్చాడు. ఆమె నాలో ఉన్న భయాన్ని చూసి నన్ను చేసుకుంది. పడవ అంచు కరుచుకుని వేలాడిన ఆ బక్క కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద కాస్త ముద్దూ వస్తుంది.