బెణకని చేయి

డాక్టర్ అప్పలస్వామిగారు దివంగతులయ్యారన్న దుర్వార్త సముద్రాలు దాటొచ్చి మేం స్థిరపడ్డ బెడోక్ పేట మార్కెట్లో కాఫీ కొట్టు లిమ్ అంకుల్ నోట విన్నాను. పదహారేళ్లు ఆ పుణ్యాత్ముని క్లినిక్‌లో మందులు కట్టి ఇచ్చినదాన్ని.

అంతకుముందు ఆయన సైనిక వైద్యులు. శిక్షణకు వచ్చిన యువకులు కవాతు తప్పించుకోవడానికి కడుపునొప్పి అంటే కసిరేవారు కారట. నాడి పట్టుకుని, "భయమా?" అని అడిగేవారట. "నోరు అబద్దమాడతాది గానీ నాడి ఆడదమ్మా. భయమూ జబ్బే. దానికీ సెలవు చీటీ ఇయ్యాల" అని నాతో చాలాసార్లు అన్నారు.

అంతటి సౌమ్యుడు ఎన్నికల్లో నిలబడతాననేసరికి నా గుండెల్లో రాయి పడింది. ఏ పార్టీ అండా లేదు. "లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగదు. ముసలోళ్లు మెట్లెక్కలేక మందులే మానేస్తన్నారు. నేను చీటీ రాసి ఏటి లాభం?" అన్నదే ఆయన రాజకీయం. ఓటడగడానికి గడపగడపకూ వెళ్లి, చేయి కలిపి, అలవాటు కొద్దీ నాడి చూసేవారు. "మకాన్ అయిందా ఆంటీ, తిన్నారా? ఉప్పు తగ్గించండి" అని చెప్పి, ఓటు మాట మరిచి వచ్చేసేవారు. ఇలాగైతే గెలిచినట్టేనని నేను ఎకసెక్కెం ఆడేదాన్ని.

నామినేషన్ పత్రం మీద ఆ ప్రాంతపు ఓటర్లు సంతకాలు చేయాలి. నన్నూ అడిగారు, సరేనన్నాను. అవి కంప్యూటర్ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజులు. మా అబ్బాయి ఒక పెద్ద ఆఫీసు పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. "సైన్ చెయ్యొద్దు లా, అమ్మా. వై టేక్ రిస్క్?" అన్నాడు ఇక్కడి యాసలో. నన్నెవరూ బెదిరించలేదు, అబద్ధమెందుకు. అయినా నా పేరు అధికారంలో ఉన్న ఎవరి కంట పడుతుందో, వాడి నోటికాడి కూడు ఎక్కడ పోతుందో అని మూడు రోజులు అన్నం సహించలేదు.

సంతకాల రోజు క్లినిక్‌లో నలుగురి ఎదుట పత్రం నా ముందు పెట్టారు. "జారిపడ్డానండీ, చెయ్యి బెణికింది" అన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. నాడి దడదడలాడుతోంది. నా మొహంలోకి చూడలేదు.

"బాగానే బెణికిందమ్మా. వారం దాకా కదపకు" అని, అందరూ చూస్తుండగా పొందికగా కట్టు కట్టారు. పత్రం లిమ్ అంకుల్ ముందుకు జరిపారు. అంకుల్ సంతకం చేశారు.

డాక్టర్‌గారు ఓడిపోయారు. మా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. ఆ కట్టు ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు. క్షమించమని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో, ప్రతిసారీ మందుల పొట్లాలు కట్టుకుంటూ ఉండిపోయాను.

నిన్న మా ఫ్లాట్ల కింది ఖాళీ చోట, సందర్శనకు ఉంచిన ఆయన పార్థివదేహం పక్కన సంతాప పుస్తకం పెట్టారు. కలం పట్టాను. ఎవరు చదువుతారో అని ఇప్పటికీ నా చూపు చుట్టూ తిరిగింది. నా భయాన్ని పట్టి చూసి, దాచి, కట్టు కట్టే చేయి ఇక ఈ లోకంలో లేదు.

డాక్టర్‌గారూ, ఆనాడు నా చేయి బెణకలేదు. ఆ పుస్తకంలో ఈ మాటే రాశాను. కింద నా పేరు పూర్తిగా పెట్టాను. ఈ నివాళి కిందా పెడుతున్నాను.

పొట్నూరు సత్యవతి, బెడోక్.