కప్పు కారడం లేదు

ఆర్విడ్ స్కోగెన్ నలభై ఏళ్ళు ఇళ్ళ కప్పులు వేశాడు. లీచ్ సరస్సు చుట్టుపక్కల తను వేసిన కప్పు కారి కింద గిన్నె పెట్టుకున్న ఇల్లు ఒక్కటి చూపించమని పందెం కాసేవాడు. ఎవరూ చూపించలేదు. చుక్క పడిందంటే పైన ఎక్కడో సందు ఉన్నట్టే, సందు మూస్తే చుక్క ఆగినట్టే. లోకంలో ఇంతకుమించి తెలుసుకోవలసింది లేదన్నంత ధీమా. ఆ ధీమాయే అతని మూడు శీతాకాలాలు తినేసింది.

లెరాయ్ అతని చిన్ననాటి జోడీ. బడి బస్సు తోలి రిటైరయ్యాడు. సరస్సు గడ్డకట్టగానే ఇద్దరూ బోర్లించిన బకెట్ల మీద పక్కపక్కన కూర్చుని, మంచులో తొలిచిన కన్నాల్లోకి గాలాలు దించి, వాలై చేప కోసం పొద్దుగుంకేదాకా కాచుకునేవారు. మాటలు తక్కువ. ఒకే ఫ్లాస్కులో కాఫీ. డెబ్బై దాటాక గాలికి తట్టుకోలేక ఆర్విడ్ మడతపెట్టే గుడారం కొన్నాడు. మంచు మీద జారే స్లెడ్జి బండి మీద లాక్కెళ్ళి నాలుగు పక్కలా గుడ్డ లాగితే గదైపోతుంది. లోపల చిన్న గ్యాస్ హీటర్.

మొదటి రోజే లెరాయ్ మెడ మీద చల్లటి చుక్క పడింది. "కారుతోంద్రా," అన్నాడు.

ఆర్విడ్ తన పని గురించి ఆ మాట ఎన్నడూ వినలేదు. మర్నాడు గుడారాన్ని షెడ్డులో పరిచి కుట్టుకుట్టుకీ జిగురు పూశాడు. చుక్క ఆగలేదు. పట్టీలు అతికించాడు. చుక్కలు ఎక్కువయ్యాయి. పైన గాలి కోసం రెండు వైపులా పెట్టిన చిన్న కిటికీల మీద అనుమానమొచ్చి వాటినీ మూసేశాడు. అడుగు అంచుల చుట్టూ మంచు పోసి తొక్కాడు. ఆకాశంలో మబ్బు లేదు, బయట మైనస్ ఇరవై, మరి ఈ నీళ్ళెక్కడివని లెరాయ్ ఒకసారి నెమ్మదిగా అడిగాడు.

"బస్సు తోలేవాడివి. నువ్వు నాకు కప్పుల గురించి చెప్పకురా," అన్నాడు ఆర్విడ్.

అన్ని సందులూ మూసిన రోజున గోడలు చెమట పట్టినట్టు కారుతున్నాయి. అయినా వెచ్చగా ఉంది. ఆర్విడ్ మొహం వెలిగిపోతోంది. లెరాయ్ తడిసిన టోపీ తీసి పిండుకుని, చుట్టూ చూసి, "వేరేగా ఉంది," అన్నాడు.

ఆ ఊళ్ళో ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు. తమ్ముడి భార్య చేసే చేపల జెల్లీని ఆర్విడ్ కూడా ముప్పై ఏళ్ళుగా వేరేగా ఉందనే అంటున్నాడు. కానీ ఆ రోజు ఆ మాటను మెప్పుగా విన్నాడు. మధ్యాహ్నం కాకుండానే లెరాయ్ తల బరువుగా ఉందని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఒకసారి మోకాలన్నాడు, ఒకసారి మనవరాలి హాకీ ఆటన్నాడు. తర్వాత ఫోనే చెయ్యలేదు. గుడారం చూసి కుళ్ళుకున్నాడని ఆర్విడ్ అనుకున్నాడు. బతిమాలేది లేదనుకున్నాడు.

మూడో ఏడు ఫిబ్రవరిలో ఎర కొనడానికి వెళ్తే, కొట్టు నడిపే మార్లిస్ తొట్టిలోంచి చిన్న చేపలు తోడుతూ లెరాయ్ ఎలా ఉన్నాడని అడిగింది. తనకేం తెలుసన్నాడు ఆర్విడ్. ఆమె జల్లెడ పక్కన పెట్టి విషయం చెప్పింది. గుడారంలోంచి లేచిపోయిన ఆ రోజు లెరాయ్ మంచుమీద వాంతి చేసుకుని పడిపోయాడు. అటు పోతున్న వాళ్ళెవరో ఆసుపత్రిలో చేర్చారు. హీటర్ గాలి బయటికి పోయే దారి లేక విషమైందని డాక్టరు చెప్పాడు.

"నువ్వు సిగరెట్టుకని గంటకోసారి బయటికి పోయావు కాబట్టి మిగిలావు," అంది మార్లిస్. "నీ కప్పు కారలేదు, ఆర్విడ్. మీ ఊపిరి, హీటర్ ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీళ్ళయ్యాయి. మూత పెట్టిన గిన్నెలో కూర్చున్నారిద్దరూ."

"నాకెందుకు చెప్పలేదు వాడు?"

"చెప్తే నువ్వు తట్టుకోలేవన్నాడు."

ఆర్విడ్ ఎర తీసుకోకుండానే వచ్చేశాడు. వారం పాటు పూసిన జిగురు గీకాడు, పట్టీలు పీకాడు. పై కిటికీలు రెండూ తెరిచి, కింద గాలి వచ్చేందుకు అరచేయంత సందు వదిలాడు. పై గుడ్డకు తగలకుండా లోపల ఇంకో మందపాటి గుడ్డ వేలాడదీశాడు. కాళ్ళకింద తడి లేకుండా ఫోమ్ చాప పరిచాడు. ఒక్కడే వెళ్ళి పూటంతా కూర్చున్నాడు. ఒక్క చుక్క పడలేదు. పని అంత తేలికని తెలిశాక గుడారం మడిచి నేరుగా లెరాయ్ ఇంటికి వెళ్ళాడు.

అతని వంటింట్లో కూర్చుని కిటికీల గురించి, చాప గురించి చాలాసేపు చెప్పాడు. లెరాయ్ వింటూ కాఫీ పోశాడు. చివరికి ఆర్విడ్ కాఫీ కప్పులోకి చూస్తూ అన్నాడు. "నీ ప్రాణం మీదికి తెచ్చాన్రా."

"ఊఁ," అన్నాడు లెరాయ్. కాఫీ మళ్ళీ పోసి, "రేపు గాలి తక్కువట. వస్తాలే," అన్నాడు.

వచ్చాడు. గుడారం వాకిట్లో వంగి, లోపలికి చూసి, అక్కడే ఆగిపోయాడు. తలుపు తెరిచే ఉంచుతానన్నాడు ఆర్విడ్. హీటర్ వెలిగించనే వెలిగించనన్నాడు.

"తెలుసురా. కాళ్ళే రావట్లేదు," అన్నాడు లెరాయ్. బకెట్ తెచ్చుకుని బయటే బోర్లించాడు.

ఆర్విడ్ లోపలి గుడ్డ విప్పి చుట్టాడు. గుడారం కడ్డీలు ఒక్కొక్కటే మడిచి, గుడ్డనంతా స్లెడ్జిలోకి కుక్కి, పక్కన తన బకెట్ వేసుకున్నాడు. లెరాయ్ వేళ్ళు వణికి ఎర గుచ్చుకోలేకపోతుంటే తీసుకుని గుచ్చిచ్చాడు. గుడారం కొనకముందు ఆ వేళ్ళు వణికేవి కావు.

"నీకు చలి. గుడారం వేసుకో," అన్నాడు లెరాయ్.

"నాకేం చలి లేదు," అన్నాడు ఆర్విడ్, పళ్ళు టకటకమంటుంటే.

ముప్పావుగంటకే లెరాయ్ గాలం చుట్టేశాడు. ఇంతకన్నా కూర్చోలేనన్నాడు. మళ్ళీ రేపు రానా అని అతనే అడిగాడు. రమ్మన్నాడు ఆర్విడ్. సరస్సు మీద మంచు ఇంకో పది రోజులు కరగదని రేడియోలో చెప్పారు. లెరాయ్ అడుగులకు తగ్గట్టు స్లెడ్జి నెమ్మదిగా లాగుతూ, రోజుకు ముప్పావుగంట చొప్పున ఎన్ని గంటలవుతాయో ఆర్విడ్ లెక్కవేశాడు. తప్పు చేశానేమోనని మళ్ళీ వేశాడు. మళ్ళీ ఏడున్నరే వచ్చింది.