ఎదురుకాళ్ళ రెక్క

ఆమెను తోటి పనివాళ్ళందరూ తోకమ్మ అనేవారు. ఎగతాళికి పెట్టిన పేరేం కాదు, ఆమె చేసే పని అదే. గాలిమర రెక్కను మోసుకెళ్ళే బండికి ముందొక డ్రైవరు, వెనకొక డ్రైవరు ఉంటారు. రెక్క పొడవు అరవై రెండు మీటర్లు. దాని లావుపాటి మొదలు ముందు లారీ మీద ఉంటుంది. నడుము దాటాక కింద ఇంకో చక్రాల బండి, దానికి అతికించినట్టు మనిషి పట్టేంత గాజు గది, అందులో ఒక స్టీరింగు. ముందు లారీ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ఎటు తిరగాలో చూసుకునేది ఆ గాజు గదిలోని మనిషే. ముందు లారీ నడిపేది ఆమె భర్త. ఆయన్ని తలకాయ అనేవారు.

"నలభై మీటర్ల ఎడంగా కూర్చుంటాం కాబట్టే మా కాపురం ఇరవై రెండేళ్ళు నిలిచింది" అని ఆమె అందరితోనూ చెప్పేది. ఆయన కాదనేవాడు కాదు.

అంతకుముందు పదకొండేళ్ళు ఆమె సిటీ బస్సు నడిపింది. కిక్కిరిసిన డిపోలో రెండు బస్సుల మధ్య సందులోకి మూడో బస్సును రివర్సులో ఒక్క ఊపున దూర్చేస్తుంటే, మిగతా డ్రైవర్లు టీ గ్లాసులు చేత్తో పట్టుకుని తాగడం మర్చిపోయి చూసేవారు. భర్త పనిచేసే రవాణా సంస్థకు తోక డ్రైవర్లు కావలసివచ్చినప్పుడు, ఆయన మొహమాటపడుతూనే ఆమెను తీసుకెళ్ళాడు. మైదానంలో డ్రమ్ములు వంకర టింకరగా పేర్చి, వాటి మధ్యనుంచి తోక నడపమన్నారు. ఆమెకంటే ముందు వచ్చిన ఐదుగురు మీసాలరాయుళ్ళు డ్రమ్ములను బంతుల్లా దొర్లించారు. ఈమె దాటేసరికి ఒక్క డ్రమ్ము కదిలితే ఒట్టు.

అప్పట్నుంచి తొమ్మిదేళ్ళలో ఇద్దరూ కలిసి చాలా దేశాలు తిరిగారు. ఒక చలి దేశంలో రెక్క రాకముందే రోడ్లు సిద్ధంగా ఉండేవి. మలుపుల దగ్గర స్తంభాలకు మడతబందులు పెట్టి ఉండేవారు. బండి వచ్చేటప్పుడు తలుపులా వాటిని పక్కకు వంచి, వెళ్ళాక మళ్ళీ నిలబెట్టేవారు. అక్కడి గాలిమరల్లో ఊరివాళ్ళకు వాటాలున్నాయి. "మా రెక్క వస్తోంది!" అని పిల్లా జెల్లా గట్టు మీద నిలబడి చేతులూపేవారు. ఇంకో దేశంలో ఇరవై మరలు మూడేళ్ళపాటు కొండమీద ఊరికే నిలబడ్డాయి. మరలు నిలబెట్టినవాళ్ళు ఒకరు, తీగలు లాగాల్సినవాళ్ళు ఇంకొకరు. పెళ్ళికొడుకు ముస్తాబై కూర్చుంటే పెళ్ళికూతురి ఊరేదో ఇంకా తేలలేదన్నట్టుంది, అన్నాడు తలకాయ. ఒక దీవిలో గాలి వీచినప్పుడు కరెంటు పొంగిపొర్లేది, ఆగినప్పుడు దీపాలు ఆరిపోయేవి. ఆ దీవికి పెట్టెల్లాంటి పెద్ద బ్యాటరీలు మోశారు. ఎడారి దేశానికి ట్రాన్స్‌ఫార్మర్లు తీసుకెళితే, అక్కడ ఎండకు కొదవ లేదు గానీ సౌర పలకల మీద దుమ్ము కడగడానికి నీళ్ళు లేవు. పొడి చీపుర్లతో మైళ్ళకొద్దీ తుడుస్తున్నారు.

ఇన్ని చూసినా, ఒక చిన్న ఊళ్ళో జరిగినటువంటిది మాత్రం ఆమె ఎన్నడూ ఎరగదు.

అక్కడ కొండమీద పన్నెండు మరలు పెట్టాలి. పదకొండు లేచాయి. ఆఖరిదానికి రెండు రెక్కలు పైకి చేరాయి. మూడోది దారిలో ఉండగా రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసి, ఊరి బయటి వంతెన స్తంభం బీటలు వారింది. ఇక దాని మీద బరువైన బండి ఎక్కకూడదన్నారు. మిగిలింది పాత ఊళ్ళోంచి వెళ్ళే వీధి. పది రోజుల్లో ఈదురుగాలుల కాలం మొదలవుతుంది. మొదలైతే క్రేను నాలుగు నెలలు రెక్క ఎత్తలేదు. గాలి కోసం పెట్టే మరను గాలి లేనప్పుడే పెట్టాలి మరి!

టేపు పట్టుకుని వీధంతా కొలిచారు. పెద్దవీధి మీదుగా వచ్చి కుడివైపు కొండవీధిలోకి తిరగాలి. ఆ మూలమీద ఒక మేడ, మొదటి అంతస్తులో ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ. తోక ఎంత బయటికి లాగినా రెక్క నడుము ఆ బాల్కనీని చీల్చుకుంటూ పోతుంది. మూరన్నర చోటు తక్కువ.

ఆ మేడలో ఉండేది పురుళ్ళ మామ్మ. నలభై ఏళ్ళు ఆ ఊరి ఆసుపత్రిలో పురుళ్ళు పోసి రిటైరయిన నర్సు. ఊళ్ళో సగంమంది ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే.

బండి సూపర్‌వైజరు మెట్లెక్కి వెళ్ళి, బాల్కనీ కోసేస్తామనీ, వారంలో ఇంతకంటే మంచిది కట్టిస్తామనీ చెప్పాడు.

మామ్మ కళ్ళజోడు సవరించుకుంది. "నువ్వు చెప్పి పోవడానికొచ్చావా, అడిగి పోవడానికొచ్చావా?"

అతను మళ్ళీ వారం రోజుల మాటే ఎత్తాడు. మామ్మ తలుపు వేసేసుకుంది.

మర్నాడు పొద్దున్నే తోకమ్మ వెళ్ళింది. ఎవరూ పంపలేదు. చేతిలో టేపు కూడా లేదు.

"నువ్వూ వాళ్ళ మనిషివేనా?" అంది మామ్మ.

"బండి తోక నడుపుతానండి."

"ఆడదానివి! అంత పెద్దదాన్ని!" మామ్మ గొంతులో కోపం సగం దిగిపోయింది. కుర్చీ చూపించింది. "చూడమ్మాయ్, అర్ధరాత్రీ అపరాత్రీ మొగుళ్ళు పరిగెత్తుకొచ్చి ఈ బాల్కనీ కిందే నిలబడి నన్ను పిలిచేవాళ్ళు. దీన్ని కోస్తానంటే నా చెవి కోసినట్టుంటుంది. పోనీ, అదీ సరే అనుకుందాం. మరలు మా కొండమీద. కరెంటు పట్నానికి. మా ఆసుపత్రిలో ఇవాళ్టికీ పురుడు సగంలో ఉండగా దీపం పోతుంది. టార్చిలైటు నోట్లో పెట్టుకుని పిల్లల్ని బయటికి తీశాను నేను. ఒక్కడైనా వచ్చి మమ్మల్నడిగాడా?"

తోకమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "ఊరికి ఏమొస్తుందో నాకు తెలీదు మామ్మగారూ. నేను మోసేదాన్నే. తెలియని మాట చెప్పలేను. కానీ అడిగిన ఊళ్ళు చూశాను, అడగని ఊళ్ళు చూశాను." అని చలి దేశంలో వాటాల సంగతి చెప్పింది. ఎవరినీ అడక్కుండా మరలు పాతిన చోట జనం రోడ్డుకు అడ్డంగా కూర్చుంటే ఏడు వారాలు బండిలోనే వండుకుని తిన్న సంగతి చెప్పింది. తీగల్లేక మరల మీద పక్షులు గూళ్ళు కట్టుకున్న సంగతీ చెప్పింది. మామ్మ నోరు తెరుచుకుని వింది.

"ఇంతకీ ఆ రెక్క ఎలా తిరగాలి? నాకు చూపించు."

వంటింట్లోంచి పొడవాటి గరిటె తెచ్చుకుంది తోకమ్మ. అగ్గిపెట్టె మామ్మ మేడ. కొండవీధికి అవతలి మూలన ఉన్న బడి ఆటస్థలానికి ఒక పళ్ళెం పెట్టింది. గరిటె తల ముందుకు పెట్టి నెమ్మదిగా తిప్పింది. కాడ వెళ్ళి అగ్గిపెట్టెను పడదోసింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ పడింది.

మామ్మ కాసేపు చూసి, పకపకా నవ్వింది.

"ఏమండీ?"

"తలే ముందు రావాలని ఎవరమ్మా నీకు చెప్పింది?" అంటూ గరిటె లాక్కుంది. దాన్ని కొండవీధి సందు దాటించి నేరుగా ముందుకు తీసుకుపోయింది. మొత్తం దాటాక ఆపింది. అప్పుడు కాడ ముందుగా వెనక్కి నడుపుతూ సందులోకి తిప్పింది. గరిటె అగ్గిపెట్టె జోలికే పోలేదు. ఈసారి కాడ పళ్ళెం మీదుగా గాల్లో సాగిపోయింది. "నలభై ఏళ్ళలో ఎన్ని ఎదురుకాళ్ళ పురుళ్ళు పోశానో! కాళ్ళు ముందొచ్చినా బిడ్డ బిడ్డే. తొందరపడకూడదు, అంతే."

ఆటస్థలం గోడ నడుమెత్తు. రెక్క దానికి మూడింతల ఎత్తున పోతుంది! తోకమ్మ ఒంట్లో కరెంటు పాకినట్టయింది. లేచి మెట్లు దిగి పరిగెత్తింది. వీధి చివరకు వెళ్ళాక గానీ కాళ్ళకు చెప్పుల్లేవని తెలియలేదు.

"ఏవండీ! ఏవండీ! దాటిపోయి వెనక్కి రావాలి!"

తలకాయ లారీ కింద దూరి ఏదో చూస్తున్నాడు, తల బయటికి పెట్టాడు. "ఎవరు?"

"మీరే! మీరు తోస్తారు, నేను నడుపుతాను!"

విషయం అర్థమయ్యాక ఆయన మొహం తెల్లబోయింది. "ఎత్తు మీదికి మూడువందల మీటర్లు రివర్సా? రెక్క అడ్డంగా ఉంటే నువ్వెటు పోతున్నావో నాకు కనపడదోయ్!"

"కనపడక్కర్లేదు. నా మాట వినపడితే చాలు."

"ఇంట్లో వింటున్నది చాలదా?"

"ఇంట్లో విన్నదెప్పుడు?"

పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. సూపర్‌వైజరు నవ్వలేదు, అప్పటికే టేపు లాగుతున్నాడు. కొలిచి, మళ్ళీ కొలిచి, రెండు దీపస్తంభాలు తీసేస్తే సరిపోతుందన్నాడు. అన్నాక అతనూ నవ్వాడు.

కానీ మామ్మ అంత తేలిగ్గా వదల్లేదు. వీధి ఊరిది కాబట్టి, ముందు ఊరికి వచ్చి మాట్లాడాలంది. రెండో రోజు సాయంత్రం గాలిమరల సంస్థ అధికారి మ్యాపులు చుట్టుకుని బడికి వచ్చాడు. ఊరంతా బెంచీల మీద ఇరుక్కుని కూర్చుంది. రెండు గంటలు వాదించుకున్నారు. మర రొద ఎంత వినిపిస్తుంది, గొర్రెలు మేపుకోనిస్తారా, తీగలు ఎవరి పొలం మీదుగా పోతాయి అని అడిగారు. చివరికి ఆసుపత్రికీ బడికీ విడిగా ఒక లైనూ, ఆసుపత్రికి బ్యాటరీలూ ఇస్తామని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. మామ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, "ఇక తీసుకురండి మీ బిడ్డను" అంది.

తెల్లవారాక, గాలి పడిపోయి ఉన్నప్పుడు మొదలుపెట్టారు. జనం మేడల మీదికెక్కారు. తెల్లటి రెక్క పెద్దవీధిలోంచి నెమ్మదిగా సాగి, కొండవీధి మూల దాటి, దాటి, ఇంకా దాటి పోతూనే ఉంది. "ఇంకెంత పొడుగుందిరా నాయనా!" అన్నారెవరో. చివరికి ఆగింది.

తోకమ్మ గాజు గదిలో సీటు వెనక్కి తిప్పుకుంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె ముందు దారి ఖాళీగా, ఆమెకోసమే పరిచినట్టుంది.

"వెనక్కి. నెమ్మదిగా. ఇంకా నెమ్మదిగా. తాబేలు సిగ్గుపడాలండీ."

"చిత్తం" అన్నాడు వాకీటాకీలో తలకాయ.

స్టీరింగు ఎడమకు కోసింది. రెక్క కొస ఆటస్థలం గోడ మీదుగా లోపలికి వెళ్ళి, జారుడుబల్ల మీదుగా, ఊయల మీదుగా తేలుతూ పోయింది. కింద దాని నీడ నేలను తుడుస్తూ వెళ్ళింది. సగం తిరిగింది. ఎడమ చక్రానికీ మిఠాయి దుకాణం అరుగుకూ మధ్య జానెడు. బెత్తెడు. రెండు వేళ్ళు.

"ఆపండి!" అంది తోకమ్మ.

అదే క్షణాన బాల్కనీలోంచి ఇంకో కేక వినిపించింది. "ఆపు! తొయ్యొద్దు! కాస్త ఊపిరి పీల్చుకోనీ!"

జనం ఘొల్లున నవ్వారు. తోకమ్మకూ నవ్వు ఆగలేదు. చక్రాలను వేలెడు సరిచేసింది. "ఊఁ. ఇప్పుడు తొయ్యండి."

"ఇప్పుడు తొయ్యి!" అంది పైనుంచి మామ్మ కూడా.

రెక్క మూల తిరిగింది. లావుపాటి మొదలు కూడా బాల్కనీకి బారెడు దూరంలో సాఫీగా దూరి, కొండవీధిలో బాణంలా నిటారుగా నిలిచింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. టోపీలు గాల్లోకి లేచాయి. ఎత్తు మీదికి మిగిలిన దారంతా తోకమ్మ చెబుతూనే ఉంది, తలకాయ తోస్తూనే ఉన్నాడు. ఊరి చివర ఖాళీ మైదానంలో బండి ఆగాక ఆయన లారీ దిగి, చెమట కూడా తుడుచుకోకుండా నలభై మీటర్లు పరిగెత్తుకొచ్చి గాజు తలుపు తీశాడు.

"ఏమోయ్, ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు చూశావా!"

"చూశాను. రాసి సంతకం పెట్టించుకోవాల్సింది."

మైదానంలో బండి తిప్పుకుని, మిగతా దారి మామూలుగా తల ముందుగానే ఎక్కారు. ఐదు రోజులు గాలి తగ్గలేదు. ఆరో రోజు పొద్దున ఒక్క ఆకు కూడా కదలనప్పుడు క్రేను రెక్కను ఎత్తింది. పొద్దున్నే కొండెక్కి, తోకమ్మ పక్కన గాజు గదిలో ఇరుక్కుని కూర్చున్న మామ్మ, రెక్క ఎనభై మీటర్ల పైకి వెళ్ళి బిగుసుకునేదాకా మెడ నొప్పెట్టేలా చూసింది. "ఇంత ఎత్తున పురుడెప్పుడూ పోయలేదు" అంది.

ఆ మర తిరగడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. సబ్‌స్టేషన్ పని ఆలస్యమైంది. అప్పటికి తల, తోక ఇద్దరూ వేరే దేశంలో వేరే రెక్క మోస్తున్నారు. ఒక మధ్యాహ్నం ఆమె ఫోను మోగింది. మామ్మే. కాగితం పట్టుకుని సంస్థ ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళిందట. మూడోసారి ఊళ్ళో తాను పురుడు పోసినవాళ్ళను వెంటేసుకుని వెళ్ళిందట. ఆఫీసు వరండా సరిపోలేదట. బ్యాటరీలు వచ్చేశాయి.

"రాత్రి ఊరంతా చీకటైనా మా ఆసుపత్రి ధగధగలాడిపోతోందమ్మాయ్!" అని అరిచింది. "కాకపోతే చుట్టుపక్కల పురుగులన్నీ అక్కడికే చేరుతున్నాయి. దానికేమైనా చెప్పు!"

తోకమ్మ పడీ పడీ నవ్వింది. "కిటికీలకు జాలీ కొట్టించండి మామ్మగారూ! ఉండండి, మళ్ళీ చేస్తాను, మలుపొచ్చింది!"