చూడని సరుకు

ఆమదాలవలస స్టేషను రోడ్డులో చంద్రమౌళి కొట్టుకి బోర్డు లేదు. రైలు దిగినవాళ్ళు ధాన్యం వాసన పట్టుకుని వాళ్ళే వస్తారని అతని తండ్రి భీమశంకరరావు అనేవాడు. గుమ్మం పక్కన మేకుకి ఒక ఇనుప చువ్వ మాత్రం వేలాడుతూ ఉండేది. లోపల గొట్టంలా బోలు, మొన వాడి. బస్తా విప్పకుండా పొట్టలో పొడిచి లాగితే గుప్పెడు గింజలు అరచేతిలోకి జారతాయి. వాటిని వాసన చూసి, ఒక గింజ పంట కొరికి, అప్పుడు "సూసేను" అనాలి. ఆ ఇంట్లో బేరానికి అదే సంతకం. సావుకారు ఆ మాట అన్నాక కొన్నవాడు మళ్ళీ బస్తా విప్పి చూడడు. చూస్తే తప్పు.

భీమశంకరరావు ఆ మాట ఒక్కసారి చూడకుండా అన్నాడు. విత్తనాల అదను. బయట వాన, కొట్టు నిండా జనం. పొందూరు వైపునుంచి వచ్చిన సోములు అనే రైతుకి మూలనున్న విత్తనపు బస్తాలు చూపించి, మేకు మీంచి చువ్వ తియ్యకుండానే "సూసేను" అనేశాడు. ఆ విత్తనం మొలవలేదు. సోములు తిరిగొచ్చాడు గాని తగువు పెట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి, "మీరు సూసేరు గదా బాబూ. నా మడిలోనే ఏదో దోసం ఉండుంటాది," అని వెళ్ళిపోయాడు.

ఆ ఏడే భీమశంకరరావుకి చెయ్యి మొదలైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ చువ్వ పట్టినట్టు కలిసేవి. తొడ మీద పొడిచేవి. వెనక్కి లాగేవి. అరచెయ్యి తెరుచుకునేది. ఆయన దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసేవాడు. మంచాన పడ్డాక పరుపుని పొడిచాడు, దుప్పటిని పొడిచాడు, పక్కన కూర్చున్న కొడుకు భుజాన్ని పొడిచాడు. ప్రతిసారీ ఖాళీ అరచెయ్యి చూసుకుని మొహం చిన్నబుచ్చుకునేవాడు. ప్రాణం పోయిన మధ్యాహ్నం, కళ్ళు మూసేశాక కూడా ఆ చెయ్యి ఇంకోసారి కదిలిందని చంద్రమౌళి అనుమానం. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

అప్పట్నుంచీ అతను ఆ చెయ్యికి భయపడుతూనే బతికాడు. ఉప్పు పొట్లమైనా విప్పి చూసిగాని అమ్మలేదు. బజారంతా నవ్వుకుంది. నవ్వుకుంటూనే అతని దగ్గర కొన్నది.

మిల్లులవాళ్ళు కళ్ళంలోనే కొనెయ్యడం మొదలెట్టాక వ్యాపారం పలచబడింది. చంద్రమౌళి అరవయ్యో పడిలో పడేసరికి లోపలి గది పూర్తిగా ఖాళీ అయింది. సరుకు గది ఖాళీగా ఉంచడం ఆ ఇంటికి అచ్చిరాదంటారు. సరిగ్గా అప్పుడు అతని అక్క కొడుకు ఉమాశంకర్ విశాఖపట్నం నుంచి దిగాడు. అతను పనిచేసే టీవీల షాపు మూసేస్తున్నారట. అమ్ముడుపోని వీడియో గేముల పెట్టెల్ని అయినకాడికి వదిలించుకుంటున్నారట.

"పాత బియ్యం లాంటివే మావా ఇవి. ఉంచిన కొద్దీ రేటు. నా సిన్నప్పటి గేము, సీలు విప్పనిది, ఇప్పుడు ఫారిన్లో కారు రేటు పలుకుతన్నాది."

"నువ్వాడిందానికి కారా?" అంది చంద్రమౌళి భార్య కాంతం, వత్తులు చేసుకుంటూ. "నీకు మార్కులెందుకు రాలేదో ఇప్పుడు తెలిసిందిరా."

"నవ్వకత్తా. కొన్నేళ్ళు పోతే ఇవి ఎతికినా దొరకవు."

"ఎందుకు దొరకవు? మీ నాటివి పిల్లలు ఆడీసి, అట్టలు సింపీసి పారేసేరు గాబట్టి కరువయ్యాయి. అందరూ తినీగా మిగిలిందే పాత బియ్యం. ఇప్పుడు నీలాటోళ్ళందరూ ఆడకుండా దాసేస్తే కరువు ఎక్కడినించి వస్తాది?"

ఉమాశంకర్‌కి నోరుంది. "అత్తకి పొయ్యి దగ్గర లెక్కలొచ్చు. ఇది లోకం లెక్క," అన్నాడు.

చంద్రమౌళి ఒక పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. పల్చటి ప్లాస్టిక్ తొడుగు, దాని కింద బొమ్మ. "లోపల ఏటుంది?"

"డిస్కు."

"సూసేవా?"

"సూస్తే సచ్చిపోద్ది మావా. ఆ తొడుగు సిరిగిందంటే ఇంక దాన్నెవుడూ ముట్టుకోడు."

చూస్తే చచ్చే సరుకు. అలాంటిదొకటి ఉంటుందని చంద్రమౌళి ఊహించలేదు. కాని గది ఖాళీగా ఉంది. సరేనన్నాడు.

పెట్టెలు వచ్చాయి. అలవాటు కొద్దీ వాటి మధ్య వేపాకు చల్లాడు. వేపాకు ఎండి గలగలలాడింది గాని, దాన్ని తప్పించుకోడానికి ఒక్క పురుగైనా రాలేదు. ఎలుక రాలేదు. ఎలుక లేదు గనక పిల్లి గడప దాకా వచ్చి, లోపలికి చూసి, వెనక్కి తిరిగేది. ధాన్యం ఊపిరి పీలుస్తుంది. బస్తాలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, ఎండపూట గోనె చిటచిటలాడుతుంది. ఈ గదిలో చప్పుడు లేదు, వెచ్చదనం లేదు. తరతరాలుగా గోడలకి పట్టిన ఊక వాసన సైతం నెల తిరిగేసరికి ఎక్కడికో పోయింది. గడప దాటగానే ముక్కు మూసేసినట్టు ఉండేది.

ఆ పైన అట్టల మీది మొహాలు. ముసుగు వేసుకున్నవాళ్ళు, తుపాకి పట్టుకున్నవాళ్ళు, ఒంటికన్ను వాళ్ళు. అందరూ గుమ్మంకేసే చూస్తుండేవారు. బస్తాల్ని అతను చూసేవాడు. ఇక్కడ సరుకు అతన్ని చూస్తోంది.

ఒకరోజు భోజనాల దగ్గర కాంతం వడ్డిస్తున్నదల్లా ఆగిపోయింది.

"ఏటండీ అది?"

"ఏది?"

"అన్నాన్ని అలా పొడుస్తారేటి?"

చంద్రమౌళి విస్తట్లోకి చూసుకున్నాడు. అన్నం ముద్దలో రెండు వేళ్ళు దిగిన గుంట. అరచెయ్యి తెరుచుకుని ముక్కు దాకా వచ్చి ఉంది. తనకి తెలియకుండానే.

"ఆ పెట్టెల్ని అమ్మీయండి," అంది కాంతం. మామగారి చివరి రోజుల్లో ఆవిడే పక్కన ఉంది. ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

అమ్మడమే అతనికీ కావాలి. కాని అమ్మాలంటే ఆ మాట అనాలి. చూసి అంటే సరుకు చస్తుంది. చూడకుండా అంటే తండ్రి చెయ్యి ఇంక తనదే అవుతుంది.

ఉమాశంకర్ ఒక మనిషిని తీసుకొచ్చాడు. పేరు గోవింద్, విజయనగరంలో ఉద్యోగం, ఇలాంటి పెట్టెలు సేకరించడం పిచ్చి. ముట్టుకునే ముందు చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కో పెట్టెనూ వెలుగుకి ఎత్తి పట్టుకుని, తొడుగు అతుకులు చూసి తలాడించాడు.

"ఇవి ఆడడాకి కొంటన్నావా బాబూ?" అని కాంతం ఉండబట్టలేక అడిగింది.

"ఆడడాకి కాదమ్మా. వీటిల్లో సగం ఆట నెట్‌లోంచి దిగాలి. ఆ కంపెనీవోడు ఆపేసిన్రోజు ఏటీ రాదు."

"మరి రేపు నీ దగ్గర కొన్నోడు ఏటి సేసుకుంటాడు?"

"ఆడూ దాసుకుంటాడు."

కాంతం మొగుడికేసి చూసింది.

గోవింద్ చంద్రమౌళి వైపు తిరిగాడు. "సావుకారు గారూ, మా తాత సోములుది పొందూరు పక్కన. మీ నాన్నగారి దగ్గరే ఇత్తనాలు కొనేవోడు. ఆ కొట్లో 'సూసేను' అన్నారంటే ఇంక సూడక్కర్లేదురా అని సెప్పేవోడు. పోయేదాకా సెప్పేడు. అందుకే ఇంత దూరం వచ్చేను. ఆ ఒక్క మాట మీ నోటితో అనండి, ఇప్పుడే పట్టుకుపోతాను."

సోములు. చంద్రమౌళి నోరు తెరిచాడు. "సూ..." అనేదాకా వచ్చింది. పంచె మీద కుడిచెయ్యి టక్, టక్ మని పొడుస్తోంది. అరచెయ్యి తెరుచుకుంటోంది. లోపల ఏమీ లేదు.

అతను లేచి మేకు మీది చువ్వ అందుకున్నాడు.

"మావా! ఒద్దు!" అని ఉమాశంకర్ అరిచేలోగా పైనున్న పెట్టె పొట్టలో చువ్వ దిగింది. ప్లాస్టిక్ పెళ్ళుమంది. తొడుగు చీల్చి మూత తెరిచాడు. డిస్కు లేదు. మడత కాగితం ఒకటి ఉంది, దాని మీద ఏవో అంకెలు. గోవింద్ తీసుకుని చదివాడు. నెట్‌లో ఆట దించుకోడానికి ఇచ్చిన నంబరట, గడువు దాటిపోయిందట.

"సూసేను," అన్నాడు చంద్రమౌళి. "దీన్లో ఏటీ లేదు. మిగతావి నేను సూడలేదు."

అతని చెయ్యి ఆగిపోయింది.

ఉమాశంకర్ మొహం జేవురించింది. ఉద్యోగం పోయిన మనిషి, చేతికొచ్చిన బేరం పోతోంది. ఒక్క క్షణం తటపటాయించి అనేశాడు. "మిగతావన్నీ నేను సూసేనండీ. షాపులో సీలు ఎయ్యకముందే. ఇదొక్కటే తేడాది."

"మీ ఇంటి మాటేనా?" అన్నాడు గోవింద్.

"మా ఇంటి మాటే. సూసేను."

"ఆడు సూడలేదు బాబూ," అన్నాడు చంద్రమౌళి.

గోవింద్ నవ్వాడు. "మీ జాగర్త నాకు తెలీదేటండీ. ఉప్పు పొట్లం ఇప్పి అమ్మినోరు." పెట్టెలన్నీ ఆటోలో ఎక్కించుకున్నాడు. చువ్వ దిగినదాన్ని మాత్రం వదిలేశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "తేడా వస్తే నాలోనే దోసం అనుకుంటాను లెండి," అన్నాడు. తాత నిలబడిన చోటే నిలబడి.

సాయంత్రం దీపం పెట్టే వేళకి ఊక వాసన తిరిగొచ్చింది. పిల్లి లోపలి గదిలోకి వెళ్ళింది. చంద్రమౌళి ఒళ్ళోని కుడిచేతిని చూసుకున్నాడు. నిద్రపోయిన పసిపిల్లలా కదలకుండా ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ వెంటనే, చెయ్యి అంత సుళువుగా ఎలా ఊరుకుందా అనుకున్నాడు.

ఎదురుగా ఉమాశంకర్ టీ తాగుతూ హుషారుగా కబుర్లు చెబుతున్నాడు. "సూసేవా మావా, నోరుంటే ఊరు..." మాట మధ్యలోనే అతని కుడిచెయ్యి తొడ మీద రెండు వేళ్ళతో పొడిచింది. వెనక్కి లాగింది. తెరుచుకుని ముక్కు దగ్గరికి వెళ్ళింది.

"సేతికేటయిందిరా?" అంది కాంతం.

"ఏటత్తా? ఏటీ అవలేదే."

నవ్వుతూ అతను మంచినీళ్ళ గ్లాసు కోసం ముందుకి వంగాడు. చెయ్యి గ్లాసు దాకా వెళ్ళలేదు. దారిలో ఉన్న మేనమామ భుజాన్ని మెల్లగా పొడిచి, వెనక్కి వచ్చి తెరుచుకుంది. ఉమాశంకర్ అందులోకి చూసుకున్నాడు. అతని మొహం చిన్నబోయింది.