పక్క బల్ల మీద సర్వపిండి

రామ్మోహనరావు మాటకు ఇంట్లో పెద్ద విలువ లేదు. ఆఫీసులోనూ అంతే. తెనాలి నుంచి వచ్చి, నాచారంలో ఒక రంగుల కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తాగా చేరి, అక్కడే తల నెరిపించుకున్నాడు. కుర్ర ఉద్యోగులు ఆయన చెప్పేది సగం విని లేచిపోతారు. భార్య సుబ్బులు టీవీలోంచి కళ్లు తిప్పకుండా "ఊఁ" కొడుతుంది. ఆయన మాట చివరిదాకా వినే మనిషి లోకంలో ఒక్కడే. ఉప్పల్‌లో మెట్రో స్తంభాల పక్కనున్న బార్‌లో వెయిటర్, ఎబినేజర్.

ప్రతి శనివారం సాయంత్రం ఆయన అక్కడికి వెళ్లేవాడు. గోడవార బల్ల ఆయనదే. కూర్చోగానే సోడా, ఉల్లిపాయలు ఎక్కువేసిన పల్లీలు వచ్చేవి.

"మోకాలు నొస్తుందన్నరు గద సార్, తగ్గిందా?" అని అడిగేవాడు ఎబినేజర్.

అలా అడిగేవాళ్లు ఆయనకు ఇంకెవరూ లేరు. అప్పుడప్పుడూ బియ్యప్పిండిని గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి ముక్కలు కూడా కాగితంలో చుట్టి తెచ్చిపెట్టేవాడు. "మా ఇంటామె హన్నా చేసింది సార్. ఆ ముసలాయనకు ఇయ్యి అన్నది. ముసలాయన అన్నందుకు ఏమనుకోకున్రి" అని నవ్వేవాడు. రామ్మోహనరావు ఆ ముక్కల్ని మందులోకి నంజుకునేవాడు కాదు. ముందు అవి తిని, ఆ తరవాతే గ్లాసు ముట్టుకునేవాడు.

ఆ వేసవిలో ఫణీంద్ర రావడం మొదలైంది. చెంగిచెర్ల వైపు ప్లాట్లు అమ్మే మనిషి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. మొదటిరోజే మాటల్లో తేలింది, అతనిదీ ఎబినేజర్‌దీ జనగామ దగ్గర పక్కపక్క ఊళ్లని. ఇక చూడాలి. చెరువులో చేపలు పట్టిన సంగతులు, బడి ఎగ్గొట్టిన సంగతులు. ఎబినేజర్ ట్రే చంకలో పెట్టుకుని పగలబడి నవ్వేవాడు. ఇన్నేళ్లలో అతను అలా నవ్వగా రామ్మోహనరావు ఎన్నడూ చూడలేదు. తన బల్ల దగ్గర అతను నవ్విందంతా మర్యాద నవ్వేనని ఆయనకు అప్పుడే తెలిసింది.

ఒక శనివారం సోడా ఆలస్యమైంది. పల్లీల్లో ఉల్లిపాయలు లేవు. ఆయన తల తిప్పి చూశాడు. పక్క బల్ల మీద కాగితం పొట్లం విప్పి ఉంది. నువ్వులు అద్దిన సర్వపిండి.

"వదినకు చెప్పు ఎబ్బీ, మస్తుగ చేసింది!" అంటున్నాడు ఫణీంద్ర, నోటినిండా పెట్టుకుని.

ఎబ్బీ! తను ఏనాడూ అలా పిలవలేదు. పిలవచ్చని కూడా తోచలేదు. రామ్మోహనరావు గ్లాసు సగంలో వదిలేసి లేచాడు. ఎబినేజర్ గమనించనైనా లేదు.

ఇంటికెళ్లేదాకా కూడా ఆగలేదాయన. మెట్రో మెట్ల మీదే కూర్చుని, ఫోనులో ఆ బార్ పేరు వెతికి, ఏదో దొంగ పేరుతో ఒక్క స్టార్ ఇచ్చాడు. కింద రాశాడు: "ఎబినేజర్ అనే వెయిటర్ పెగ్గు తక్కువ పోసి మోసం చేస్తున్నాడు. జాగ్రత్త." నొక్కేశాక ఒంటికి చల్లటి గాలి తగిలినట్టయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

మరుసటి శనివారం సోడా తెచ్చింది వేరే మనిషి. ఎబినేజర్ కనిపించలేదు. ఫణీంద్రే తన గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నా, ఎవడో ఫోన్ల అడ్డమైన రాత రాసిండంట. ఎబ్బీని గిన్నెలు కడగనీకి వంటింట్ల ఏసిన్రు. నేను అడిగితే తాగి లొల్లి జేస్తున్నవంటున్నరు. మీరు పాత కస్టమర్, పెద్దమనిషి. జర మీరు చెప్పున్రి."

తప్పించుకోవడానికి దారి లేక రామ్మోహనరావు కౌంటర్ దగ్గరికి నడిచాడు. మేనేజర్ నరేన్ లేచి నిలబడ్డాడు.

"ఎబినేజర్ అలాంటివాడు కాదండీ. ఆ రాసింది అబద్ధం."

"మీకెట్ల తెలుసు సార్? రాసినోడు ఇక్కడ తాగినోడే గద?"

నాకు తెలుసంతే అని దాటేయవచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ వంటింటి తలుపు సందులోంచి, తడిచిన చొక్కాతో గిన్నెల ముందు వంగిన ఎబినేజర్ వీపు కనిపించింది.

"రాసింది నేనేనండీ" అన్నాడు. అక్కడే నిలబడి, ఫోను తీసి ఆ రాతను తుడిచేశాడు.

ఫణీంద్ర తన గ్లాసు తీసుకుని తన బల్లకు వెళ్లిపోయాడు. కాసేపటికి ఎబినేజర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నరేన్ చెప్పినట్టున్నాడు.

"ఎందుకు సార్? నా బిడ్డ రెబెక్కా సదివింది అది. నాన్నా, నువ్వు గిట్ల జేస్తవా అని అడిగింది."

రామ్మోహనరావు నోట చివరికి నిజమే వచ్చింది, చిన్నపిల్లాడి మాటలా.

"సర్వపిండి అతనికి పెట్టావు. నాకు పెట్టలేదు."

ఎబినేజర్ చేతులు తుడుచుకోవడం ఆపి తలెత్తాడు.

"గంతదానికా?" అన్నాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఆ గొంతులో. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

బార్ మార్చేద్దామని రామ్మోహనరావు పీర్జాదిగూడ దాకా వెళ్లి చూశాడు. అక్కడ మనసు నిలవలేదు. రెండు వారాలు ఆగి మళ్లీ వచ్చాడు. ఎబినేజర్ కాదనలేదు. సోడా వేళకు వస్తోంది. పల్లీల్లో ఉల్లిపాయలూ ఉంటున్నాయి. కానీ పెగ్గు పోసేటప్పుడు అతను కొలత గిన్నెను ఆయన కళ్లకెదురుగా ఎత్తి పట్టుకుంటాడు. అంచుదాకా నిండిందని ఆయన తల ఊపేదాకా గ్లాసులో వంచడు. "చూసిన్రా సార్?" అని అడుగుతాడు. మోకాలి సంగతి మాత్రం అడగడు.

పక్క బల్ల దగ్గర నవ్వులు వినబడితే ఆయన ఇప్పటికీ పల్లీలు నమలడం ఆపేస్తాడు. తల తిప్పకూడదనుకుంటూనే తిప్పి చూస్తాడు.