చిగురు మీద ఊక బూడిద

హఫీజ్‌పేట్‌లో మేము కిరాయికి ఉన్న ఇంట్లో పొద్దున లేవగానే నా అరచేతిలో ఊక బూడిద పడేది. అత్తమ్మ ఊరి నుంచి డబ్బా నిండా తెచ్చుకున్న పళ్లపొడి అది. వడ్ల ఊక కాల్చి, ఉప్పు కలిపి నూరింది. బాబుకు ఇంకా ఏడాది నిండలేదు. కొత్తగా లేచిన హైటెక్ సిటీలో ఆఫీసుకు పోయిన మా ఆయన చీకటి పడ్డాకే వచ్చేవాడు. అత్తమ్మ బాబును ఎత్తుకుంటేనే నేను గడప దాటగలిగేది.

స్కూటర్ మీంచి పడి ఎడమవైపు కింది పన్ను పోగొట్టుకున్నాను. డాక్టరు దవడ ఎముకలో స్క్రూ బిగించి, దాని మీద చిగురులోంచి పైకి కనిపించే చిన్న లోహపు ముక్క పెట్టాడు. దాన్ని అబట్‌మెంట్ అంటారట. చిగురు కుదురుకున్నాక పైన పన్ను కడతానన్నాడు. కుదురుకోలేదు. ఎర్రగా ఉబ్బి, తాకితే నెత్తురు వచ్చేది.

"చెడు రక్తం పోతున్నది, పోనీ. ఇంక జర గట్టిగ రుద్దు," అనేది అత్తమ్మ. రుద్దాను. నెత్తురు చూసినకొద్దీ ఇంకా రుద్దాను.

మళ్లీ చూపించుకోబోతే డాక్టరు ఆ ముక్కను విప్పి దీపం కింద పెట్టాడు. అద్దంలా ఉండాల్సినది గీతలు పడి మసకబారింది.

"ఏం పెట్టి తోముతున్నరమ్మా, గిన్నెలు తోమే పొడా?"

గరుకైన చోట పాచి పట్టుకుంటుందని, బ్రష్షుకు సరిగా ఊడిరాదని, దాన్ని ఆనుకున్న చిగురు వాస్తుందని చెప్పాడు. వాపు ఎముక దాకా దిగితే స్క్రూ కూడా వదులై పోతుందట. కొత్త ముక్క బిగించి, "మెత్తటి బ్రష్షు, అంతే. పొడి ముట్టొద్దు. వచ్చే వారం చూపించండి," అన్నాడు.

మా ఆయనకు చెబితే, "నువ్వే చెప్పు. నేను చెప్తే అమ్మ ఏడుస్తది," అన్నాడు.

మరునాడు అత్తమ్మ డబ్బా తెరిచింది.

"డాక్టర్ వద్దన్నడు అత్తమ్మా. దాని మీద గీతలు పడుతున్నయట."

"నా పండ్లు చూడు, ఒక్కటన్న కదుల్తదా? గీతలు పడే పన్ను ఎందుకు పెట్టిచ్చుకున్నవ్ మరి?" అని నవ్వింది. నవ్వు ఆగాక, "ఇగ నా మాటతోని పనేముంది. ఐతారం నన్ను బస్సెక్కియ్యమను నీ మొగన్ని," అంది.

బాబు ఆమె చంకలో కొంగు నములుతున్నాడు. ఆదివారం ఆమె వెళ్లిపోతే వచ్చే వారం వాణ్ని ఎవరికి ఇచ్చి డాక్టరు దగ్గరికి పోవాలి?

పొడి కోసం చెయ్యి చాచాను. నాలుకను ఎడమవైపు లోహానికి అడ్డంగా నొక్కిపెట్టి, కుడివైపు మాత్రమే తోముకున్నాను.

"రెండు దిక్కుల తోము," అంది, పక్కనే నిలబడి.